మూడు గంటల తరువాత తీసిన రక్తం ప్రమాద సమయానికి సాక్ష్యమవుతుందా?

ప్రశ్న: రాత్రి 9.40కి మా తమ్ముడి కారు డివైడర్‌ను ఢీకొంది. ఆస్పత్రిలో 12.40కి తీసిన రక్తంలో 100 మి.లీ.కు 24 మి.గ్రా. ఆల్కహాల్ ఉందని రిపోర్టు వచ్చింది. చట్టం పెట్టిన పరిమితి 30 కదా! అయినా ప్రమాద సమయానికి 69 ఉండేదని లెక్కగట్టి బీమా కంపెనీ క్లెయిము తిరస్కరించింది. వాడు తాగింది ఒక్క లార్జ్ పెగ్గే. అప్పు చేసి కారు బాగు చేయించాం, దిగులుతో అమ్మ మంచం పట్టింది. స్నేహితుల చేత అఫిడవిట్లు వేయిస్తే సరిపోతుందా? తిరస్కరణ ఉత్తరం వచ్చి 20 నెలలైంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఈ కేసును తేల్చేది 24 అనే అంకె కాదు, మీ తమ్ముడు చివరి గుక్క ఎన్ని గంటలకు తాగాడన్నది. ఆ ఒక్క సంగతే మీరు రాయలేదు.

మద్యం కొంత కడుపు నుంచి, ఎక్కువ భాగం చిన్నపేగు నుంచి రక్తంలో చేరుతుంది. ఖాళీ కడుపున అయితే గంటలోపే గరిష్ఠ స్థాయికి చేరవచ్చు, భోజనంతో తాగితే ఇంకా ఆలస్యమవుతుంది. ఆ తరువాత కాలేయం దానిని గంటకు సుమారు 10 నుంచి 20 మి.గ్రా. చొప్పున, ఇంచుమించు ఒకే వేగంతో తగ్గిస్తూ పోతుంది. కంపెనీ వారు గంటకు 15 చొప్పున మూడు గంటలకు 45 కలిపి 69 అన్నారు. ప్రమాద సమయానికే మద్యమంతా రక్తంలో చేరిపోయి ఉంటే తప్ప ఈ వెనుకటి లెక్క నిలవదు. భోజనం చేస్తూ 9.15 వరకు తాగి ఉంటే 9.40కి స్థాయి ఇంకా పెరుగుతూనే ఉండవచ్చు, అప్పుడు అది 30 దాటిందో లేదో ఈ కూడిక చెప్పజాలదు. మద్యం మత్తులో నడిపితే పరిహారం ఇవ్వబోమన్న పాలసీలోని మినహాయింపును రుజువు చేయవలసిన భారం కంపెనీదే.

అలాగని 30 అంకెను నమ్ముకుని కూర్చోకండి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షనులోని ఆ పరిమితి నేరానికి సంబంధించినది, బీమా మినహాయింపునకు కాదు. 2021లో ఇఫ్కో టోకియో, పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు, పరీక్ష జరగకపోయినా ఇతర పరిస్థితులను బట్టి మద్యం ప్రభావాన్ని నిరూపించవచ్చని చెప్పి బీమా కంపెనీ పక్షానే తీర్పిచ్చింది.

ఒక్క పెగ్గన్న అఫిడవిట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయించవద్దు. 42.8 శాతం విస్కీ 60 మి.లీ.లో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల పురుషుడికి అదంతా ఒక్కసారే రక్తంలో కలిసినా 43 మి.గ్రా. ప్రాంతంలో ఉంటుంది, గంటకు 10 చొప్పున నెమ్మదిగా తగ్గిందనుకున్నా మూడు గంటలకు 13కు దిగాలి. మీ రిపోర్టులో 24 ఉంది! ఎదుటి న్యాయవాది ఈ లెక్క వేసి చూపిన మరుక్షణం మీ తమ్ముడి మాట చెల్లదు, స్నేహితులు అబద్ధపు సాక్ష్యం ఇచ్చినవారవుతారు.

హోటల్ బిల్లు, యూపీఐ చెల్లింపు సమయం, రక్తం తీసిన వేళ నమోదైన కేస్‌షీట్ నకలు వెంటనే సంపాదించండి. పరీక్షించింది మొత్తం రక్తాన్నా, సీరమ్‌నా (కణాలు తీసేసిన రక్తద్రవాన్నా) అన్నది లేబొరేటరీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి, ఎందుకంటే సీరమ్‌లో అంకె ఎక్కువగా వస్తుంది. నమూనా చెడిపోకుండా సోడియం ఫ్లోరైడ్ కలిపారా, సూది గుచ్చేచోట స్పిరిట్ రాశారా అన్నవి కూడా అడగాలి.

ఇన్ని నెలలు ఊరకుండడం క్షమించరాని నిర్లక్ష్యం. బీమా ఫిర్యాదులు వినే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించే ఏడాది గడువు ఎప్పుడో దాటింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షను ప్రకారం రెండేళ్ల గడువులో మీకు మిగిలింది నాలుగు నెలలే, లీగల్ నోటీసులు పంపినంత మాత్రాన అది పెరగదు. పాలసీ ఎవరి పేరున ఉందో వారే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, 69 మి.గ్రా. అని తేల్చిన కంపెనీ నిపుణుడు ఏ సమయాన్ని చివరి గుక్కగా తీసుకున్నాడో చెప్పాలంటూ అతనికి లిఖిత ప్రశ్నలు పంపేందుకు అనుమతి కోరాలి.