మేనత్త గరిటెలు

ప్రశ్న: మాది కావలి. ఈమధ్యే పెళ్ళయింది. వచ్చిన కానుకలన్నిటికీ కలిపి బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘అందరికీ థాంక్స్’ అని మెసేజ్ పెట్టాను. అప్పట్నుంచీ మా మేనత్త ముభావంగా ఉంటోంది. ఆమె ఇచ్చింది ఉదయగిరి చెక్క గరిటెల సెట్టు. ఆన్‌లైన్‌లో ఏదైనా రిటర్న్ గిఫ్ట్ పంపేద్దామంటున్నారు మావారు. పంపనా?
— కొత్త కోడలు

జవాబు: వద్దమ్మాయ్. ఇప్పుడు పంపితే బాకీ తీర్చేసినట్టుంటుంది. అలక ఇంకో మెట్టెక్కుతుంది. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూసే ఉంటావు. పెళ్ళి రొట్టె తీసుకున్నవాళ్ళు కోరిక తీరాక మళ్ళీ వచ్చి, పెళ్ళి కోసం ఎదురుచూసే ఇంకెవరికో రొట్టె ఇస్తారు. తమకిచ్చినవాళ్ళ కోసం వెతుకుతూ తిరగరు. మీ మేనత్తకూ నువ్వు తిరిగిచ్చేది అక్కర్లేదు. ఆ గరిటెలు పొయ్యి దగ్గరకొచ్చాయా, పెట్టెతో సహా అటకెక్కాయా అన్నదే ఆమె టెన్షన్.

ఫోన్ చెయ్. వాయిస్ నోట్ కాదు, ఫోనే. ఉత్త థాంక్స్ చెప్పి పెట్టేస్తే ‘నాకెందుకే థాంక్సులు’ అని కసురుకుంటుంది. పిడి మీద చెక్కిన పువ్వు బాగుందని చెప్పు. నాన్‌స్టిక్ మీద గీతలు పడటం లేదని చెప్పు. కడిగి ఆరబెడితే చాలా, అప్పుడప్పుడూ నూనె రాయాలా అని అడుగు. పావుగంట తక్కువ కాకుండా చెప్తుంది, విను. వాడకుండానే వాడానని మాత్రం అనకు. ఈసారి వస్తే చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకే వెళ్తుంది.

చదివింపుల సంగతి వేరు. పుస్తకంలో రాసిన నూటపదహార్లకూ ఐదువందల పదహార్లకూ పేరుపేరునా ఫోన్లు ఎవరూ ఆశించరు. వాళ్ళింట్లో శుభకార్యానికి ఇద్దరూ వెళ్ళి, అంతకు తగ్గకుండా చదివించి, భోంచేసి రండి. ఆ పుస్తకం మాత్రం జాగ్రత్త. మా ఇంట్లో పెళ్ళి ఆల్బమ్ కన్నా దాన్నే ఎక్కువసార్లు తెరిచాం.

ప్రశ్న: మా ఆడపడుచు పెట్టిన వెంకటగిరి చీర రంగు నాకు నచ్చలేదు. ఏమనాలి?
— ఒంగోలు పాఠకురాలు

జవాబు: రంగు ఊసెత్తకండి. నేత బాగుంది, ఎండాకాలం ఒంటికి హాయిగా ఉంటుంది అనండి. వెంకటగిరి నూలు విషయంలో అది అబద్ధమేమీ కాదు. ఆవిడ వచ్చే ఫంక్షన్‌కు ఒక్కసారైనా కట్టండి. తర్వాత ఇంకెవరికైనా పెట్టేసినా ఫర్వాలేదు గానీ, ఆవిడ చుట్టాల్లో మాత్రం వద్దు.