తొమ్మిదో రోజున ఆగిన చదువు గురించి

తిరుపతి

చిరంజీవి తల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. ఉగాది నుంచి రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి గ్రూప్‌-2కు ఆరు గంటలు చదవాలనుకున్నావనీ, తొమ్మిదో రోజున ఆగిపోయిందనీ రాశావు. చివర్లో "నాకు పట్టుదల లేదు పెదనాన్నా" అన్నావు. ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. పుత్తూరు నుంచి శ్రీసిటీకి వెళ్లి, షిఫ్టు చేసి, మళ్లీ బస్సులో ఇల్లు చేరే మనిషికి ఆరు గంటలు ఎక్కడ మిగులుతాయి? లోపం నీలో లేదు, వేసుకున్న లెక్కలో ఉంది.

నేనూ ఇదే తప్పు చేశాను. పదవీ విరమణ చేసిన ఏడాది డాక్టరు చక్కెర జబ్బని చెప్పగానే, ప్రతి శనివారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని దేవుడి గదిలో మొక్కుకున్నాను. అటూ ఇటూగా 3,550 మెట్లు. మొదటి శనివారం ఎక్కాను. మోకాళ్లు వాచి నాలుగు రోజులు మంచం దిగలేదు. రెండో శనివారం వెళ్లలేదు. మూడో వారానికి సిగ్గు పట్టుకుంది. మాట తప్పానన్న బాధతో ఆరు నెలలు అటు వైపే పోలేదు. మోకాళ్ల నొప్పి వారంలో తగ్గింది, ఆ సిగ్గే నన్ను ఇంట్లో కూర్చోబెట్టింది.

చివరకు మీ పెద్దమ్మ, "తలయేరు గుండు దాకా వెళ్లి దణ్ణం పెట్టుకుని రండి, చాలు" అంది. అది దారి మొదట్లోనే ఉంది, జ్వరం తగ్గిన మర్నాడు కూడా వెళ్లి రాగలిగినంత దూరం. రోజూ అంతవరకే వెళ్లాను. నెల తిరిగేసరికి కాళ్లే ఇంకొంచెం అడిగాయి. గాలి గోపురం చేరడానికి నాలుగు నెలలు పట్టింది. కొండ పైదాకా ఎక్కింది మరుసటి ఏడాదే.

నువ్వూ బాగా అలసిపోయిన రోజును చూసి లెక్క వేసుకో. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రోజున ఎంతసేపు చదవగలవు? అరగంటా? అయితే అరగంటే పెట్టుకో. సెలవునాడు రెండు గంటలు చదివితే సంతోషం, దాన్ని మాత్రం లెక్కలో వేయకు.

ఉద్యోగం రావడం నీ ఒక్కదాని చేతిలో లేదు, రేపు ఏ పేజీ తెరవాలన్నది ఉంది. ఉదాహరణకు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు 12 నుంచి 35 వరకు ఉన్న అధికరణల్లో వస్తాయి. రోజుకు రెండు చొప్పున 12 రోజులు. పద్నాలుగు రోజుల గడువు పెట్టుకుంటే రెండు రోజులు జ్వరానికీ, చుట్టాలకూ, ఓవర్‌టైముకూ మిగులుతాయి. ఆ రెండు రోజులూ ముందే వదిలిపెట్టు తల్లీ, జీవితం ఎలాగూ వాటిని అడుగుతుంది.

ఒకరోజు తప్పితే ఆ బాకీ మర్నాడు తీర్చాలని చూడకు, మర్నాటి రెండు అధికరణలే చదువు. వరసగా రెండో రోజు కూడా తప్పిపోకుండా చూసుకుంటే చాలు. రెండు వారాలకు సగం కూడా కాకపోతే నిన్ను నువ్వు తిట్టుకోకుండా రోజుకు ఒకటి చేసుకో.

నాలుగింటికి లేవడం మానేయి, నీకు నిద్ర కావాలి. రాత్రి భోజనం చేసి కంచం కడిగిన వెంటనే పుస్తకం తీయి. ఫోను అమ్మ చేతికి ఇవ్వు.

ఆదివారం సాయంత్రం ఆ ఫోనులోనే నాకు ఎన్ని అధికరణలు అయ్యాయో చెప్పు. ఒక్కటే అయినా చెప్పు. ఆ వారం నేను ఎన్ని మెట్లు ఎక్కానో నీకు చెబుతాను.

మీ పెదనాన్న