వందేళ్ల కిందటి ఒపేరా (పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం) దిగ్గజాల రికార్డులు చాలా పోయాయట కదా, వాటికోసం ఇంకా వెతకడం టైమ్ వేస్టు కాదా?

కాదు. పన్నెండేళ్లుగా న్యూజెర్సీలో ఉంటూ, నా శనివారాలు చాలావరకు ఈ వెతుకులాటకే పెట్టినవాడిగా చెప్తున్నాను.

జాన్ ద రెష్కే సంగతే తీసుకోండి. పోలండ్‌లో పుట్టిన టెనర్, అంటే హెచ్చు స్థాయిలో పాడే మగ గొంతు. 1890లలో లండన్, న్యూయార్క్ ఒపేరాలను ఏలాడు. 1905లో పారిస్‌లో ఫోనోటిపియా కంపెనీ కోసం పాడి రికార్డు చేయించుకున్నాడు. అవి ఆయనకు నచ్చలేదు, బయటికి రాలేదు. వాటిని పగలగొట్టేశారని చాలామంది రాస్తారు. నేను నమ్మను. వినకుండానే నచ్చలేదని ఎలా తెలిసింది? అప్పట్లో పాటను మెత్తటి మైనం మీద సన్నటి గాడిగా గీసేవాళ్లు, దాన్ని ఒక్కసారి మోగించినా అరిగిపోతుంది. అందుకే దాన్నుంచి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో గుండ్రటి గ్రామఫోన్ ప్లేటు కొట్టి వినిపించేవాళ్లు. అంటే కనీసం ఒక ప్లేటు ఆయన ఇంటికి వెళ్లే ఉంటుంది. ఇంటికి వెళ్లిన వస్తువు అంత తొందరగా పోదు. ఎవరి అటకమీదో కాగితంలో చుట్టి ఉంటుంది, అంతే.

ఇప్పుడు ఆ గొంతు వినాలంటే మేపుల్సన్ సిలిండర్లే (పైన పాట గీసిన మైనపు గొట్టాలు) దిక్కు. మేపుల్సన్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో లైబ్రేరియన్. 1900లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ (శబ్దం రికార్డు చేసే యంత్రం) ఒకటి కొని, మూడేళ్లపాటు ప్రదర్శన జరుగుతుండగానే, ఎక్కువగా స్టేజీ పైనున్న వంతెన మీద నుంచి రికార్డు చేశాడు. ఒక్కో సిలిండర్‌లో పట్టేది రెండు నిమిషాలే. 1901లో రెష్కే అక్కడ పాడిన చివరి సీజన్ కొన్ని ముక్కలుగా అలాగే దొరికింది. లింకన్ సెంటర్ దగ్గరున్న లైబ్రరీలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదట కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్టు ఒకటే చప్పుడు. తర్వాత దాని వెనక నుంచి, గోదావరి అవతలి గట్టున నిలబడి ఎవరో పడవవాణ్ణి పిలుస్తున్నట్టు ఒక గొంతు. ఒక్క క్షణం పైకి లేచి మళ్లీ మునిగిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది. యూట్యూబ్‌లో దీన్నే ‘క్లీన్’ చేశామని పెడతారు చూశారూ, అవి వినకండి. చప్పుడు తీసేస్తూ గొంతులో పదునూ తీసేస్తారు. మిగిలేది ఉడికించిన కూర లాంటి పాట.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. నాలుగేళ్ల కిందట జనవరిలో, మా ఊరికి గంట దూరంలో ఒక పెద్దావిడ పోయాక ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టారు. పొద్దున్నే వెళ్లాను. బేస్‌మెంట్‌లో, పాత కుట్టు మిషన్ వెనక, ఒక అట్టపెట్టెలో తొమ్మిది సిలిండర్లు. గోధుమరంగు మైనం, అంటే చాలా పాతవి. ఒకదాని మూతమీద పెన్సిల్‌తో ‘టెనర్, మెట్’ అని రాసి ఉంది. మెట్ అంటే ఆ మెట్రోపాలిటన్ ఒపేరాయే. గుండె దడదడలాడింది. సిలిండర్ పట్టుకునే పద్ధతి నాకు తెలుసు. రెండు వేళ్లు లోపలి బోలులో పెట్టి ఎడంగా చాపి, పైభాగం తాకకుండా ఎత్తాలి. ఆ నిమిషంలో అదంతా మర్చిపోయి అరచేత్తో పట్టుకున్నాను. బేస్‌మెంట్ గడ్డకట్టే చలి, నా చెయ్యి వెచ్చగా ఉంది. ‘టిక్’మని చిన్న చప్పుడు, అంతే. నా చేతిలోనే మూడు ముక్కలైంది. పైనుంచి ఎవరో ధర అడుగుతున్నారు, నాకు నోరు పెగల్లేదు. పెట్టె మొత్తం కొన్నాను. మిగతా ఎనిమిదీ ఇంటివాళ్ల మాటలు, పిల్లల పద్యాలు. ఆ తొమ్మిదోదాంట్లో ఏముందో ఇప్పటికీ తెలియదు. నాకు మాత్రం మెట్‌లో పాడిన గొంతే అనిపిస్తుంది.

ఇలాంటివి ఇళ్లల్లోనే ఉంటాయి. మేపుల్సన్‌వే మరికొన్ని సిలిండర్లు, ఆయన డైరీలతో సహా, ఈమధ్యే కుటుంబం దగ్గర్నుంచి లైబ్రరీకి చేరాయి. వందేళ్లు దాటాక! మరోపక్క అరుదైన ప్లేటు సంపాదించి ఎవరికీ వినిపించకుండా బీరువాలో దాచుకునే కలెక్టర్లున్నారు. రికార్డులు అగ్నిప్రమాదంలో కాలిపోవడం కన్నా నాకు వాళ్లంటేనే ఎక్కువ భయం. రెండో ప్రపంచ యుద్ధంలో, ప్లేట్లు తయారుచేసే లక్కకు కొరత వచ్చి, పాత ప్లేట్లు తిరిగిస్తేనే కొత్తవి అమ్మారు, ఎన్నో అలా కరిగిపోయాయి. ఆ లక్క చాలావరకు మన దేశం నుంచి వెళ్లిందే. 1902 ఏప్రిల్‌లో మిలాన్‌లో ఇటలీ టెనర్ కరూసో పాటలు పది రికార్డు చేసిన గ్రామఫోన్ కంపెనీ మనిషి గైస్‌బర్గ్, అదే ఏడాది కలకత్తా వచ్చి నవంబర్‌లో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్‌ను రికార్డు చేశాడు. కాబట్టి ఇది ‘తెల్లవాళ్ల పాటల గొడవ’ అని నాతో అనకండి.

విరిగిన సిలిండర్లను కూడా ముల్లు ఆనించకుండా, కెమెరాతో గాడిని ఫొటో తీసి పాటగా మార్చే పద్ధతి ఇప్పుడుంది. ఆ మూడు ముక్కలూ దూదిలో చుట్టి చెప్పుల డబ్బాలో భద్రంగా పెట్టాను. ఈ ఎండాకాలం మసాచుసెట్స్‌లో ఆ పని చేసేవాళ్ల దగ్గరికి కారులో నేనే తీసుకెళ్తున్నాను. పోస్టులో పంపే ధైర్యం లేదు.