నాలుక కుట్టించుకునే ముందు

అమ్మలూ,

నాలుక కుట్టించుకుంటానన్నావట, వద్దని చెప్పమని మీ అమ్మ ఒకటే ఫోన్లు. పళ్ల డాక్టరుగా అడిగితే నేనూ వద్దనే అంటాను. కానీ ఇరవై రెండేళ్లదానివి, నిర్ణయం నీది. అన్నీ తెలుసుకుని చేయించుకో.

దీనికోసం చెవులు కుట్టే కంసాలి దగ్గరికీ, గన్‌తో టక్కున కొట్టే దుకాణాలకీ వెళ్లకు. నాలుకకు గన్ పనికిరాదు. పనిముట్లను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ ఉందో లేదో, సూది ప్యాకెట్ నీ ఎదురుగానే చించుతున్నారో లేదో చూసుకో. కుట్టే మనిషి ముందుగా నీ నాలుక పైకెత్తించి, లైటు వేసి, అడుగున నీలంగా కనిపించే రక్తనాళాలు ఎటు పోతున్నాయో చూడాలి. అది చూడకుండా సూది తీస్తే లేచి వచ్చెయ్. నాలుకకు వేసే నగ అంటే రెండు చివర్లా బంతులున్న చిన్న కడ్డీ. అది ఇంప్లాంట్ గ్రేడ్, అంటే ఒంట్లో అమర్చే పరికరాలకు వాడే రకం టైటానియందే అడుగు. హెపటైటిస్-బి టీకా వేయించుకోకపోతే ముందు ఆ పని చూడు.

సూది దిగేది క్షణంలో. అసలు బాధ తర్వాతే. మూడు నుంచి ఐదు రోజుల దాకా వాపు పెరుగుతూ పోతుంది. నాలుక నోటినిండా ఉన్నట్టుంటుంది, చొంగ కారుతుంది, ‘ళ’, ‘ణ’ పలకవు. ఆ వారంలో ఇంటర్వ్యూలూ పెళ్లిళ్లూ పెట్టుకోకు. ఐసు ముక్కలు చప్పరించు, నమలొద్దు. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం చాలు. ఆవకాయ జోలికి, పొగలు కక్కే టీ జోలికి పోకు. మందు, సిగరెట్, ముద్దులు, ఒకరి గ్లాసులో ఒకరు తాగడం, మానే వరకూ ఏవీ వద్దు. తిన్నాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు వేసి పుక్కిలించు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడకు.

కడ్డీ చుట్టూ తెల్లగా, లేత పసుపుగా ఊరితే కంగారుపడకు, మానే పుండుకు అది మామూలే. జ్వరం, ఆకుపచ్చ చీము, ఆగని రక్తం మాత్రం మామూలు కావు, వెంటనే డాక్టరుకు చూపించు. దవడ కింద గట్టిగా వాచినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లు. ఇన్ఫెక్షన్ నోటి అడుగుకు దిగితే ఊపిరే మూసుకుపోవచ్చు. కడ్డీ నువ్వే పీకెయ్యకు. రంధ్రం మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది.

ఇక చాలామంది ఎగ్గొట్టే సంగతి ఒకటుంది. వాపుకు చోటుండాలని మొదట పొడుగు కడ్డీ వేస్తారు. రెండు మూడు వారాల్లో వాపు తగ్గాక కుట్టినవాళ్ల దగ్గరికే వెళ్లి పొట్టిది మార్పించుకోవాలి. నొప్పి పోయిందని ఆ పొడుగుదే ఉంచేసుకుంటారు. మాట్లాడినప్పుడల్లా అది పళ్లకు తగులుతుంది. కొన్నాళ్లకు దాంతో ఆడుకోవడం, కొరకడం అలవాటైపోతుంది. అలాంటి నోళ్లు నా కుర్చీలో చూస్తుంటాను. కింది ముందు పళ్ల వెనకవైపు చిగురు కిందికి జారిపోయి వేరు బయటపడి ఉంటుంది, దవడ పళ్ల అంచులు చిట్లి ఉంటాయి. పన్ను చిట్లితే కట్టగలను. జారిన చిగురు దానంతటది తిరిగి రాదు. అందుకే దీన్ని ఇంతగా చెబుతున్నాను తల్లీ.

లోపల పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా తీస్తే రంధ్రం గంటల్లోనే మూసుకుపోవచ్చు. బంతులు బిగుతుగా ఉన్నాయో లేదో రోజూ చేతులు కడుక్కుని చూసుకో, ఊడితే మింగేస్తావు.

వెళ్లే ముందు ఆదివారం ఒకసారి క్లినిక్‌కి రా. పళ్లు శుభ్రం చేసి, చిగుళ్ల ఫొటోలు తీసి పెడతాను. ఆరు నెలలకోసారి వాటితో పోల్చి చూద్దాం. చిగురు జారుతున్నట్టు కనిపిస్తే ఆ రోజే తీసేస్తానని మాత్రం నాకు మాటివ్వాలి.

మీ పిన్ని