సద్ది మూట విప్పేసరికి: బతుకమ్మ వంటలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: బతుకమ్మ తొమ్మిది రోజుల నైవేద్యాలను ఒక్కొక్కరు ఒక్కో వరసలో చెబుతున్నారు. అసలు వరస ఏది? ఆరో రోజు ఎందుకు ఏమీ పెట్టరు?

జవాబు: ఎక్కువ ఊళ్లలో పాటించే వరస చెబుతాం. భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు నువ్వులు, నూకలు లేదా బియ్యప్పిండి పెడతారు. రెండో రోజు అటుకులు, బెల్లం, చప్పిడి పప్పు. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబియ్యంలో పాలు, బెల్లం కలిపి పెడతారు. అయిదో రోజు అట్లు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఒకప్పుడు పేర్చిన బతుకమ్మకు మాంసం తగిలిందని, అమ్మ అలిగిందని చెప్పుకుంటారు. అందుకే ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యమూ ఉండదు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి నూనెలో వేయిస్తారు. ఎనిమిదో రోజు నువ్వులు, బెల్లం, వెన్నతో ముద్దలు. తొమ్మిదో రోజు ఆశ్వయుజ శుద్ధ అష్టమి, సద్దుల బతుకమ్మ. ఆ రోజు సద్దులు, అంటే చింతపండు, నువ్వులు, నిమ్మ, కొబ్బరి, పెరుగు కలిపిన అన్నాలు పెడతారు. కొన్ని చోట్ల ఏడో రోజే సద్దులు చేస్తారు. మీ అత్తగారి ఊరి వరస వేరైతే దాన్నే పాటించండి. అది తప్పు కాదు.

ప్రశ్న: దీన్ని పంటల పండుగ అంటారు. అప్పటికి వరి కోతలే మొదలు కావు కదా?

జవాబు: వరి కాదు, మెట్ట పంటలు చూడండి. వానాకాలం పెసలు అప్పటికే ఇంటికి చేరతాయి. నువ్వులు, మక్కలు (మొక్కజొన్న) చేతికొచ్చే రోజులవే. అందుకే పండుగ రుచి అంతా సత్తుపిండిలో, నువ్వుల ముద్దల్లో ఉంటుంది. సద్దులకు వాడేది పాత బియ్యం. ఇక పూల సంగతంటారా, గునుగు చేన్లలో కలుపు మొక్క. రైతు పీకి పారేసే మొక్క ఆ పండుగ రోజుల్లో తంగేడు పక్కన శిబ్బిలో, అంటే బతుకమ్మను పేర్చే పళ్లెంలో కూర్చుంటుంది. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన వెంటనే బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. అంతకు ముందు తరతరాలుగా దీన్ని నిలిపింది మాత్రం పల్లెల్లో చెరువు కట్టలే.

ప్రశ్న: వేములవాడ శివలింగాన్ని చోళులు తంజావూరుకు తీసుకెళ్లారనీ, ఆ బాధలోంచి ‘బృహదమ్మ’, బతుకమ్మ అయిందనీ చదివాం. నిజమేనా?

జవాబు: దీన్ని కథగానే చెప్పుకోవాలి. రాజరాజచోళుడు కట్టించిన తంజావూరు బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది, అది చరిత్ర. ‘బతుకమ్మ’ అన్న పేరు ‘బతుకు’ నుంచి నేరుగా వస్తుంటే ‘బృహత్’ దాకా పోనక్కర్లేదు. జనం నోట ఎక్కువగా ఉన్నది ధర్మాంగదుడి కథ. కొడుకులందరినీ పోగొట్టుకున్న రాజుకు, రాణి సత్యవతికి లక్ష్మీదేవి బిడ్డగా పుట్టిందట. ఈ పిల్లయినా బతకాలని మునులు ఆ పేరు పెట్టారట. బిడ్డలు దక్కడమే గగనమైన కాలంలో తల్లులు పాడుకున్న కథ అది.

ప్రశ్న: మధ్యాహ్నం చేసిన సద్దులు చెరువు దగ్గర విప్పేసరికి ముద్దయిపోతున్నాయి. కొబ్బరి సద్ది వాసన కూడా వస్తోంది. కొలతలతో చెప్పండి.

జవాబు: సద్ది అంటేనే మూట కట్టి తీసుకెళ్లే అన్నం. ఇంట్లో వేడివేడిగా తినే పులిహోర లెక్క దీనికి పనికిరాదు. అన్నంలో తడి ఎంత తగ్గితే అంత మంచిది.

పాత సన్నబియ్యం గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు. కొత్త బియ్యమే ఉంటే గ్లాసున్నర చాలు, లేకపోతే బంకలా అవుతుంది. ఉడికిన వెంటనే వెడల్పాటి తాంబాళంలో పరిచి, చెంచా నూనె చల్లి, పూర్తిగా ఆరనివ్వండి. అందరూ తప్పేది ఇక్కడే. వేడన్నంలో పొడి కలిపి మూత పెడితే ఆవిరి నీరై దిగుతుంది, నువ్వుల పొడి పేస్టులా అంటుకుంటుంది. పైగా గోరువెచ్చగా మూసి ఉంచిన అన్నంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి.

ఇక కింది కొలతలన్నీ గ్లాసు బియ్యానికి, అంటే 200 గ్రాములకు.

చింతపండు సద్దికి 30 గ్రాముల చింతపండు నానబెట్టి చిక్కగా గుజ్జు తీయండి. పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. పచ్చి నీరు మిగిలితే సాయంత్రానికి అన్నం మెత్తబడి పాడవుతుంది.

నువ్వుల సద్దికి 50 గ్రాముల నువ్వులు, అయిదారు ఎండుమిర్చి. సన్న సెగ మీద చిటపటలాడేదాకా వేయించండి. రంగు ముదిరితే చేదే, మళ్లీ చేయడం తప్ప దారి లేదు. చల్లారాక మిక్సీని ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే నూనె వదిలి ఉండ కడుతుంది.

నిమ్మ సద్దికి రెండు కాయల రసం. పోపు దించి, చల్లారాకే పిండాలి. పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది.

కొబ్బరి సద్దికి అర చిప్ప తురుము. తడి పోయేదాకా నాలుగైదు నిమిషాలు వేయించండి. మీ సద్ది వాసన రావడానికి కారణం పచ్చి తురుమే. వేయించినా సరే, దీన్ని చివర్లో కలిపి, మూట విప్పగానే మొదట తినేయండి.

పెరుగు సద్దికి మాత్రం అన్నం మెత్తగా ఉండాలి, మూడు గ్లాసుల నీళ్లు పోయండి. మెదిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు గ్లాసున్నర, పెరుగు రెండు చెంచాలు కలపండి. దారిలోనే తోడుకుని, విప్పేసరికి కమ్మగా ఉంటుంది. పెరుగే ఎక్కువ పోస్తే పుల్లబడుతుంది, అన్నం మరీ వేడిగా ఉంటే విరుగుతుంది.

ప్రశ్న: మలీద ముద్ద కట్టడం లేదు, పొడిపొడిగా రాలుతోంది.

జవాబు: రొట్టె చల్లారిపోయి ఉంటుంది. పావు కిలో గోధుమ లేదా సజ్జపిండితో మందంగా రొట్టెలు చేసి, లోపలిదాకా కాలనివ్వండి. చేతికి ఓర్చుకోగలిగిన వేడిలోనే నలిపి, 150 గ్రాముల తురిమిన బెల్లం, మూడు చెంచాల నెయ్యి, యాలకుల పొడి కలపాలి. ఆ వేడికి బెల్లం కరిగి పట్టు ఇస్తుంది. ఇప్పటికే రాలిపోతుంటే కాస్త వేడి నెయ్యి చల్లి నొక్కి కట్టండి. నీళ్లు చల్లితే ఆ పూటకే బంక సాగుతుంది.

ప్రశ్న: మక్క సత్తులు రెండు రోజులకే గడ్డ కడుతున్నాయి.

జవాబు: బెల్లం కలిపారా? బెల్లం గాలిలో తేమను లాగుతుంది. నిల్వ ఉండాలంటే చక్కెర పొడి వాడండి, పావు కిలో పిండికి 125 గ్రాములు. మక్కలను సన్న సెగ మీద నెమ్మదిగా వేయించండి. ఒక గింజ కొరికి చూస్తే కరకరలాడాలి. లోపల పచ్చి ఉంటే పిండి గొంతుకు అంటుకుంటుంది. పట్టించి తెచ్చిన పిండి వేడి తగ్గకముందే డబ్బాలో పోయకండి. బెల్లం సత్తులే ఇష్టమైతే, వాయనానికి కావలసినంత మేరకు ఆ పొద్దున్నే కలుపుకోండి.