మచ్చలు ఎక్కడమ్మా?

అమ్మాయీ,

నీ కథ చదువుతూ ఒకచోట కాయితాలు పక్కన పడేసి లేచి కాఫీ పెట్టుకున్నాను. "ఎమ్మారై తీశారు. మెదడంతా తెల్లమచ్చలు. డాక్టర్ మొహం మాడిపోయింది." డాక్టర్ మొహం ఎవరిక్కావాలి? మచ్చలు ఎక్కడున్నాయి?

నువ్వు ఎంచుకున్నది సూసాక్ సిండ్రోమ్. 1979లో జాన్ సూసాక్ అనే అమెరికన్ న్యూరాలజిస్టు ఇద్దరు ఆడవాళ్లలో గమనించి రాసిన జబ్బు. మన రోగనిరోధక శక్తే మెదడు, కంటి వెనక పొర అయిన రెటీనా, లోపలి చెవుల్లోని సన్నటి రక్తనాళాల మీద పడుతుంది. ఎక్కువగా 20-40 ఏళ్ల ఆడవాళ్లకి వస్తుంది. నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎమ్మెస్, అని పొరబడడం మామూలే, అందులోనూ తెల్లమచ్చలే కదా. తేడా అంతా చోటులో ఉంది. మెదడు రెండు సగాలనీ కలిపే కార్పస్ కల్లోసం, పక్క నుంచి చూసే సాజిటల్ ఫిల్ముల్లో విల్లులా వంగి కనిపిస్తుంది. ఎమ్మెస్ మచ్చలు సాధారణంగా దాని అడుగు అంచుని అంటుకుని ఉంటాయి. సూసాక్ మచ్చలు నట్టనడుమ, గుండ్రంగా. రేడియాలజిస్టులు స్నోబాల్స్ అంటారు. అంచా, నడుమా అన్న ఆ కాస్త తేడా మీద నీ నాయిక వాడబోయే మందులు ఆధారపడి ఉన్నాయి. దాన్ని వదిలేసి మొహం వర్ణిస్తావా?

కథంటే ముందు చోటు చెప్పడం. నేనిలా అన్నప్పుడల్లా చాదస్తం అన్నారు. ఓ వారపత్రిక సంపాదకుడు, నా కథలో క్షయరోగి తన ఎక్స్‌రేని కిటికీకి అడ్డం పెట్టి చూసుకునే పేరా మొత్తం ఎగరగొట్టి, "పాఠకులకి ఎక్కదండీ" అంటూ అక్కడ వాన కురిపించాడు. నేను రాయని వాన, నా పేరు కింద! అప్పట్లో ప్రతి విషాదానికీ వాన పడాల్సిందే. మీ తరానికి ఆ వాన బదులు డాక్టర్ మొహం వచ్చింది.

ఆ పిల్ల ఎందుకో తెలీకుండానే ఫోన్ కుడిచెవి నుంచి ఎడమచెవికి మార్చుకుంటుందే, ఆ వాక్యం బావుంది. మరి దాన్ని అక్కడే ఎందుకు వదిలేశావు? ఎమ్మారై మిషన్ ఎంత మోత మోగుతుందో తెలుసుగా, చెవుల్లో ప్లగ్గులు పెట్టినా వినపడుతుంది. ఆ మోత ఒక పక్కే ఎక్కువగా ఉందని లోపల పడుకున్న ఆమెకి అనిపించొద్దూ? ఫిల్ము చూసి అనుమానపడ్డ డాక్టర్ ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయించాలి. ఆ తర్వాత కళ్ల డాక్టర్ నరంలోకి ఫ్లోరెసిన్ అనే రంగుమందు ఎక్కించి రెటీనా ఫోటోలు తీస్తే, మూసుకుపోయిన ధమని కొమ్మ బయటపడుతుంది. మెదడు, చెవి, కన్ను, ఈ మూడింటి లక్షణాలూ మొదట్లోనే కలిసి కనపడాలని లేదు. నీ కథలో టెన్షన్ ఉండాల్సింది అక్కడ.

చివర్లో అంతా నయం చేసి పెళ్లి కూడా చేసేశావు. స్టెరాయిడ్లతో జబ్బు లొంగినా పోయిన వినికిడి తరచూ తిరిగి రాదు. పెళ్లి ఉంచుకో కావాలంటే, వినికిడి మాత్రం వెనక్కివ్వకు. ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం.

ఇట్లు,
మాస్టారు