కొండ మీది కరెంటును బెంగళూరు నుంచి గమనించడం ఎలా?

ప్రశ్న: పాడేరు ప్రాంతంలో కొండ మీద ఉన్న మా ఊరికి, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మేము కొందరం కలిసి తాగునీటి పథకం పెట్టించాము. బోరు మీద త్రీఫేజు మోటారు ఉంది. అది ఇప్పటికి రెండుసార్లు కాలిపోయింది. వైండింగు చేసిన మిస్త్రీ లో వోల్టేజీయే కారణమంటున్నారు. లైన్‌మన్ గారు సప్లయి బాగానే ఉందంటున్నారు. మేము తరచుగా వెళ్ళలేము, అక్కడ ఫోను సిగ్నలు కూడా అంతంత మాత్రమే. ఇక్కడి నుంచే అక్కడి కరెంటు నాణ్యత తెలుసుకునే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఉంది. పైగా మీకు చెప్పిన ఇద్దరి మాటా నిజమే కావచ్చు. పగటిపూట మోటారు ఆగి ఉన్నప్పుడు టెస్టరు పెట్టి చూస్తే మూడు ఫేజులూ వెలుగుతాయి. ఊరంతా దీపాలు వేసుకున్న సాయంత్రం వోల్టేజీ 180కి పడిపోయిన సంగతి ఆ టెస్టరుకు తెలియదు. అందువల్ల మీకు కావలసింది ఎవరి అభిప్రాయమూ కాదు, వేళతో సహా నమోదైన రికార్డు. అది చేతికి వచ్చేవరకు స్టెబిలైజరు కొనవద్దని నా సలహా, ఎందుకంటే జబ్బు వోల్టేజీ తగ్గడమో, ఒక ఫేజు పోవడమో తేలకుండా మందు వేసినట్లవుతుంది.

మూడు ఫేజుల వోల్టేజీనీ, మోటారు తీసుకునే కరెంటునూ నిమిషానికోసారి నమోదు చేసే పరికరం మీకు సరిపోతుంది. పుణెలోని ప్రయాస్ సంస్థ దేశంలోని అనేక ఊళ్ళలో సరఫరా తీరును ఇలాగే నిమిషం నిమిషానికీ నమోదు చేసి, మొబైల్ నెట్‌వర్క్ ద్వారా తెప్పించుకుని అందరికీ అందుబాటులో ఉంచింది. సెకను కంటే తక్కువసేపు ఉండే పతనాలను పట్టే పరికరాలూ ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అవి ప్రతి 10 మిల్లీసెకన్లకూ లెక్క కట్టి, వోల్టేజీ ఉండవలసిన దానిలో 90 శాతం కంటే కిందికి దిగగానే ఆ ఘట్టాన్ని విడిగా రాసిపెడతాయి. కంప్యూటర్లు ఉన్నట్టుండి రీస్టార్టయ్యే చోట, యంత్రాలకు కరెంటు కలిపే కాంటాక్టర్లు (అయస్కాంత స్విచ్చులు) ఊడిపోయే చోట అవి అవసరం. మోటారు కాలడం సాధారణంగా నిమిషాల తరబడి, గంటల తరబడి సాగే లోపం వల్ల జరుగుతుంది కనుక ఆ ఖర్చు మీరు పెట్టనక్కరలేదు. పౌనఃపున్యం (ఫ్రీక్వెన్సీ) కొలిచే సదుపాయానికి కూడా అదనంగా చెల్లించవద్దు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్ కనుక మీ ఊళ్ళోనూ మారతహళ్ళిలోనూ పౌనఃపున్యం ఒకటే, కావాలంటే మీ ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఇక రికార్డును చదవడం నేర్చుకోవాలి, ఎందుకంటే అంకెల పొందికే లోపం ఎక్కడుందో చెబుతుంది. మోటారు ఆగి ఉన్న వేళల్లోని అంకెలను చూడండి. నడుస్తున్న మోటారు పోయిన ఫేజులోకి తానే కొంత వోల్టేజీని పుట్టించి మనల్ని తికమక పెడుతుంది. ఒక ఫేజు పూర్తిగా సున్నా అయి మిగిలిన రెండూ 230 దగ్గరే ఉంటే, ట్రాన్స్‌ఫార్మరు నుంచి మీ వరకు వచ్చే లైనులో ఒక ఫ్యూజో, తీగలను కలిపే జంపరో పోయిందన్నమాట. ఒక ఫేజు 230 ఉండి మిగిలిన రెండూ దాదాపు 115 చూపిస్తే, లోపం ట్రాన్స్‌ఫార్మరుకు అవతల 11 కేవీ (11 వేల వోల్టుల) వైపు ఉంది. అక్కడ ఒక ఫేజు తెగినప్పుడు ఇవతల రెండు ఫేజులకు చెరి సగం వోల్టేజీయే వస్తుంది. ఒకటి బాగా పెరిగి, ఇంకొకటి బాగా తగ్గి, లోడు మారినప్పుడల్లా రెండూ ఊగుతుంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) తెగిందని అనుమానించాలి. ఇది ప్రమాదకరం, ఇళ్ళలోని సామాన్లు కూడా కాలిపోతాయి, కాబట్టి ఆ క్షణమే ఊరివాళ్ళకు ఫోను చేసి మెయిన్లు ఆపించండి. మూడూ కలిసి సాయంత్రాల్లో మాత్రమే తగ్గుతుంటే, పొడవైన లైను మీద లోడు ఎక్కువై లో వోల్టేజీ వస్తోందని అర్థం.

లో వోల్టేజీ మోటారును ఎంత బాధిస్తుందో చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి ఉంటుంది: 230 ఉండవలసిన చోట 180 ఉంటే 61 శాతం బలమే మిగులుతుంది, నీళ్ళ బరువు మాత్రం తగ్గదు, అందుకని మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అంతకంటే మోసపూరితమైనది అసమతుల్యత, అంటే మూడు ఫేజుల వోల్టేజీలు సమానంగా లేకపోవడం. ఇంతవరకు చెప్పిన 230 ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య అంకె, ఫేజుకూ ఫేజుకూ మధ్య అది 400 దగ్గర ఉంటుంది. ఆ ఫేజుల మధ్య వోల్టేజీలు 400, 390, 370 ఉన్నాయనుకోండి, సగటు 387, గరిష్ఠ తేడా 17, అంటే 4 శాతానికి పైన. చూపుకు ఇది చిన్నదే, కానీ వాడుకలో ఉన్న లెక్క ప్రకారం వైండింగు వేడి పెరుగుదల మూడో వంతు కంటే ఎక్కువవుతుంది. 5 శాతం దాటితే మోటారును నడపనే వద్దని అమెరికాలోని నేమా (విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం) ప్రమాణం చెబుతోంది. ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు లేకపోతే ముందు అది పెట్టించండి.

సిగ్నలు సంగతికి వస్తే, పరికరం కొనేటప్పుడు అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: నెట్‌వర్క్ లేనప్పుడు రికార్డు ఏమవుతుంది? లోపల భద్రపరచుకుని, సిగ్నలు దొరికినప్పుడు పాత వేళలతో సహా పంపేదే మీకు పనికివస్తుంది. యాంటెన్నాను మోటారు గదిలో కాక నీళ్ళ ట్యాంకు మీద పెట్టిస్తే చాలాచోట్ల తేడా కనిపిస్తుంది. అయినా అందకపోతే, సిగ్నలు దొరికే ఎదుటి గట్టు వరకు తక్కువ విద్యుత్తుతో దూరానికి సందేశాలు పంపే లోరా రేడియో ద్వారా పంపవచ్చు; మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు దానికి లైసెన్సు అక్కరలేదు. కరెంటు పోయాక చివరి కబురు పంపేందుకు చిన్న బ్యాటరీ ఉండాలి. కానీ టవరు కూడా తన బ్యాటరీలు అయిపోతే మూగబోతుంది, కాబట్టి కబురు రాకపోవడాన్ని కరెంటు లేకపోవడంగా భావించకండి. రోజూ ఒకే వేళకు పరికరం తాను పనిచేస్తున్నానని ఒక సందేశం పంపేలా ఏర్పాటు చేయించుకుంటే, అది రాని రోజున ఎవరినైనా పంపి చూడవచ్చు.

ఈ పని మీటరు తరువాత, మీ స్టార్టరు బోర్డులోనే, లైసెన్సున్న ఎలక్ట్రీషియను చేత చేయించండి. పంపిణీ సంస్థ స్తంభం మీద దేనినీ తగిలించరాదు. కొండల్లో పిడుగులు ఎక్కువ, అందుచేత సర్జ్ ప్రొటెక్టరు, మంచి ఎర్తింగు తప్పనిసరి. నెలరోజుల రికార్డు చేతికి వచ్చాక, 230కి 6 శాతం అటూ ఇటూ, అంటే 216కు తక్కువగానో 244కు ఎక్కువగానో ఉన్న వేళలను విడిగా రాసి ఫిర్యాదుతో జతచేయండి. తేదీ, గంట, ఫేజు ఉన్న కాగితాన్ని పట్టుకుంటే ఇంజనీరు గారికి కూడా పై అధికారులను అడగడం సులువవుతుంది.

ప్రశ్న: మా ట్రస్టు సాయం చేస్తున్న మారుమూల ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్ ఉంది. అక్కడ కరెంటును గమనించాలా, ఉష్ణోగ్రతనా?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: ముందు ఉష్ణోగ్రతనే, అమ్మా. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. టీకాల నిల్వలనూ ఉష్ణోగ్రతనూ గమనించేందుకు 2015లో మొదలైన ఈవిన్ పథకం కింద చాలా ప్రభుత్వ కేంద్రాల్లో సిమ్ ఉన్న థర్మామీటర్లు దీన్ని ఇప్పటికే పంపుతున్నాయి, మీ కేంద్రంలో ఉందో లేదో అడగండి. మంచు గోడలుండే ఐస్‌లైన్డ్ ఫ్రిజ్‌కు రోజుకు 8 గంటల కరెంటు ఉన్నా చాలు. అయితే కంప్రెసరు మొదలుకాలేనంత లో వోల్టేజీ ఉన్న గంటలను ఆ 8లో లెక్కించకూడదు. దీపం వెలుగుతూనే ఉన్నా లోపల చల్లదనం తయారు కాదు, కాబట్టి పక్కనే వోల్టేజీ రికార్డు కూడా ఉంచితే ఉష్ణోగ్రత ఎందుకు పెరిగిందో వెంటనే తెలుస్తుంది.